అందర్నీ తీసుకురండి

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఆ ఆదివారం పొద్దున రాజగోపాల్ ఇంట్లో తయారైన పథకం నిజానికి చాలా సాదాసీదాది. మర్నాడు కార్తీక సోమవారం. 1985లో దీపావళి ఆలస్యంగా రావడంతో కార్తీకమాసం డిసెంబరులోకి కూడా సాగింది. నాలుగు కుటుంబాలవాళ్ళు ఆఫీసులకి సెలవు పెట్టి, పిల్లలచేత బడి ఎగ్గొట్టించి, పెన్సిల్వేనియా కొండల్లో రాజగోపాల్ కిందటేడు కొన్న నలభై ఎకరాల అడవిలో వనభోజనాలు చేసి, సాయంత్రానికి ఇళ్ళు చేరాలి. అంతే. ఇందులో తుపాకుల ప్రసక్తి ఎక్కడా లేదు.

"ఆ చలికి అన్నం గడ్డకట్టి చస్తుందేమోనండీ," అంది వసుమతి పులిహోరకి చింతపండు నానబెడుతూ.

"కార్తీకమాసంలో తెల్లారకుండా గోదాట్లో మునిగినదాన్ని. ఈ చలి నన్నేం చేస్తుందే?" అన్నారు ఆవిడ తల్లి జానకీదేవిగారు. కూతురి దగ్గర ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చిన ఆవిడ, ఇంట్లో హీటర్ మోగుతున్నా మంకీ క్యాపూ గోధుమరంగు శాలువా వదిలేవారు కాదు. "అల్లుడుగారికి సొంత అడవి పెట్టుకుని, కార్తీకమాసం వంటింట్లో గడపడమేమిటి? విన్నవాళ్ళు నవ్విపోతారు."

సొంత అడవి అన్న మాటకి రాజగోపాల్ ఛాతీ ఉబ్బింది. పాపం, ఆయన బాధ ఆయనది. కెమికల్ ఇంజనీరుగా అమెరికా వచ్చి పదిహేడేళ్ళయింది. అద్దె ఇళ్ళు మారాడు, ఊళ్ళు మారాడు, పౌరసత్వం కూడా మారాడు. ఎక్కడికి వెళ్ళినా "ఇంతకీ మీదే ఊరు?" అని అడిగేవాళ్ళే తప్ప, "మా ఊరివాడు" అన్నవాడు ఒక్కడు లేడు. ఆ మాట అనిపించుకోవాలన్న ఆశతోనే ఆ కొండ కొన్నాడు. పైకి మాత్రం పెట్టుబడి అని చెప్పుకునేవాడు.

ఆ కొండకి దారి వాల్టర్ అనే పాడిరైతు పొలం మీదుగా వెళ్తుంది. వాల్టర్‌కి అరవై దాటాయి. రాజగోపాల్ కారు బురదలో కూరుకుపోతే ట్రాక్టరు తెచ్చి లాగింది ఆయనే. శీతాకాలం అడక్కుండానే దారిలో మంచు తీసింది ఆయనే. ఆయన మొహం చాటేస్తే రాజగోపాల్ తన అడవిని ఫొటోలో చూసుకోవలసిందే.

అక్టోబరులో ఒకరోజు తాళంకప్ప కొందామని రాజగోపాల్ కొండ కింది ఊరి హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాడు. కౌంటరు చుట్టూ నలుగురు చేరి దేనికో ఉడికిపోతున్నారు. "న్యూజెర్సీ నుంచి వస్తారు, కొండలు కొనేస్తారు, చెట్టుచెట్టుకీ 'లోపలికి రాకూడదు' అని బోర్డు కొడతారు. తాతల నాటి నుంచి వేటాడిన చోటుని ఇప్పుడు రోడ్డు మీద నిలబడి చూడాలి!" అంటున్నారు. రాజగోపాల్ని చూడగానే అందరూ టక్కున నోళ్ళు మూసుకున్నారు.

ఆ మౌనం ఆయన భరించలేకపోయాడు. వాళ్ళలో కలవాలి, ఏదో ఒకటి అనాలి. గోడ మీద జింకల వేట లైసెన్సు ధరల పట్టీ కనబడింది. ఆ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి ఒక ధర, బయటివాళ్ళకి దానికి ఎన్నో రెట్లు. "చూశారా, నాకూ అన్యాయమే!" అన్నాడు ఆవేశంగా. "పన్ను మీతో సమానంగా కడుతున్నానా? నా కొండ మీద నేను వేటాడాలంటే మాత్రం నేను పరాయివాణ్ణా? ఇదెక్కడి న్యాయం?"

రాజగోపాల్ పుట్టి బుద్ధెరిగాక కత్తి పెట్టింది వంకాయల మీదే. కానీ న్యాయం న్యాయమే కదా! షాపు యజమాని క్లైడ్ తల పంకించాడు. మిగతావాళ్ళు తల పంకించారు. సాయంత్రానికల్లా, కొండ కొన్న కొత్తాయన వేట కోసం తహతహలాడిపోతున్నాడన్న కబురు ఊరంతా పాకింది.

మర్నాడు వాల్టర్ టోపీ చేత్తో పట్టుకుని, కొండ మీద రాజగోపాల్‌కున్న చిన్న చెక్క కేబిన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ పాత ఆపిల్ చెట్టు ఉంది చూడు, రాజ్. నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాన్న నన్ను దాని కింద కూచోబెట్టాడు. అప్పట్నుంచీ జింకల వేట సీజన్ మొదటిరోజు నేను అక్కడే. ఇప్పుడు చోటు నీది. నువ్వే వేటాడుకుంటానంటే నేనేం అనను. ఒక్క మాట చెప్పు చాలు."

ఆ పెద్దమనిషి అలా అడుగుతుంటే రాజగోపాల్ రెండడుగులు ముందుకేసి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వెంటనే ఆయనలోని గుంటూరు మేలుకుంది. "అయ్యయ్యో, అదేం మాటండీ! ఇది మీ చోటే అనుకోండి. మీరొక్కరే ఎందుకు, మీవాళ్ళందర్నీ తీసుకురండి. భోజనాలు కూడా మా దగ్గరే!"

"థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం," అన్నాడు వాల్టర్. నవంబరు ఆఖర్లో ఆ పండగ అయ్యాక వచ్చే సోమవారమే అక్కడ వేట మొదలు.

"తప్పకుండా. మీరు రాకపోతే నేనూరుకోను."

మనవైపు ఈ మాటలకి ఒక లెక్క ఉంది. గుమ్మం దిగేవాడితో "అందర్నీ తీసుకురండి" అంటాం. వాడు "అలాగే, అలాగే" అంటాడు. వీధి మలుపు తిరిగేలోగా ఇద్దరూ మరిచిపోతారు. మర్యాద దక్కుతుంది, అన్నం మిగులుతుంది. రాజగోపాల్ కూడా ఈ పద్ధతి ప్రకారమే శుభ్రంగా మరిచిపోయాడు. వాల్టర్‌వాళ్ళ వైపు అలాంటి లెక్క లేదు. ఆయన ఇంటికి వెళ్ళి తమ్ముడికి చెప్పాడు, బావమరుదులకి చెప్పాడు, క్లైడ్‌కి చెప్పాడు, చర్చిలో కూడా చెప్పాడు.

సోమవారం పదిగంటల వేళకి నాలుగు కార్లూ కొండదారి మలుపు తిరిగాయి. దారికి రెండు పక్కలా పికప్ ట్రక్కులు బారులు తీరి ఉన్నాయి.

"ఎవరిదన్నా పెళ్ళా నాయనా?" అన్నారు వెనకసీట్లోంచి జానకీదేవిగారు.

రాజగోపాల్ కాలు బ్రేకు మీద పడింది. థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం! అందర్నీ తీసుకురండి! భోజనాలు కూడా మా దగ్గరే! తనన్న మాటలన్నీ ఒక్కొక్కటే వరసగా గుర్తొచ్చాయి. చెట్ల మధ్య అక్కడొకరు, ఇక్కడొకరు నారింజరంగు కోట్లు తొడుక్కుని మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకరినొకరు పొరపాటున కాల్చుకోకుండా వేటగాళ్ళు వేసుకునే రంగు అది.

"ఏమిటా కాషాయం?" అన్నారు జానకీదేవిగారు అద్దంలోంచి తొంగి చూస్తూ. "చెట్టుకొకరు కూచున్నారు. కదలరు, మెదలరు!"

"అమ్మమ్మా, దే ఆర్..." అని మొదలుపెట్టింది పదిహేనేళ్ళ మీనా.

"భక్తులు అత్తయ్యగారూ!" అన్నాడు రాజగోపాల్ గబుక్కున. "ఏటా ఇదే సోమవారం వస్తారు. తెల్లారకుండా వచ్చి చెట్టు కింద కూచుంటారు. మాట్లాడరు, తినరు."

"ఆహా! నిష్ఠంటే అదీ. మనవాళ్ళూ ఉన్నారు, ఎందుకు?"

అందులో భక్తులన్న మాట తప్ప మిగతాదంతా నిజమేనని రాజగోపాల్ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఏం చేస్తాడు మరి? కార్తీక సోమవారం నాడు అల్లుడు మనుషుల్ని పిలిచి మరీ జింకల్ని చంపిస్తున్నాడని తెలిస్తే, ఆవిడ మళ్ళీ ఆయన ఇంట్లో పచ్చిమంచినీళ్ళు ముట్టరు. పోనీ వాల్టర్‌ని వెళ్ళిపొమ్మంటే, తనూ బోర్డులు కొట్టే న్యూజెర్సీవాళ్ళలో ఒకడైపోతాడు. ఊరు ఇక జన్మలో ఆయన్ని కలుపుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"చలిగా ఉంది, కేబిన్‌లో కూచుని తినేద్దాం," అన్నాడు.

"గదిలో తింటే అది వనభోజనమెలా అవుతుంది అల్లుడుగారూ?" అంటూ ఆవిడ దిగి, నాలుగు పక్కలా చూసి, పాత ఆపిల్ చెట్టుని ఎంచుకున్నారు. ఉసిరిచెట్టు కింద తినాలని శాస్త్రం. ఆ కొండల్లో ఉసిరిచెట్టు ఎక్కడ దొరుకుతుంది? అందుకని ఆవిడ ఇంట్లోంచే ఉసిరికాయ పచ్చడి జాడీ తెచ్చుకున్నారు. ఏదో ఒక చెట్టు మొదట్లో జాడీ పెడితే అది ఉసిరిచెట్టు కిందే లెక్క.

చెట్టు కింద వాల్టర్ కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళ మీద రైఫిలుతో.

"యోగదండం కూడా ఉందే!" అన్నారు జానకీదేవిగారు. జాడీ మొదట్లో పెట్టి, మానుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. పనిలో పనిగా వాల్టర్ నుదుటికీ ఒక బొట్టు పెట్టి దణ్ణం పెట్టారు. వాల్టర్ కదలలేదు. కళ్ళు మాత్రం రాజగోపాల్ వైపు తిప్పాడు.

"రాజ్, ఏంటిది?" అన్నాడు గుసగుసగా.

"మా పద్ధతి. ఏమనుకోకండి."

"నీ చోటు, నీ పద్ధతి," అన్నాడు వాల్టర్.

అక్కడితో ఆగితే బాగుండేది. సాంబారు వేడిచెయ్యడానికి పుల్లలేరుకొస్తానని రాజగోపాల్ కాలేజీ స్నేహితుడు డాక్టర్ భాస్కర్ పొదల్లోకి వెళ్ళాడు. ఆయన వేసుకున్నది గోధుమరంగు తోలుకోటు. మెళ్ళోని తెల్ల మఫ్లరు కొస వెనక్కి వేలాడుతోంది. ఆ కొండల్లో జింకలు కూడా సరిగ్గా గోధుమరంగులోనే ఉంటాయి, తోక కింద తెల్లగా. వాల్టర్ తమ్ముడు డేల్ తెల్లారింది మొదలు ఆ పొదలకేసే చూస్తూ బిగుసుకుపోయి ఉన్నాడు. ఆకులు కదిలాయి. గోధుమరంగు కనబడింది, వెనక తెలుపు ఊగింది. డేల్ ఊపిరి బిగబట్టి తుపాకీ ఎత్తాడు. అంతలో ఆ జింక నిటారుగా లేచి నిలబడి, "ఒరేయ్ రాజగోపాల్, అగ్గిపెట్టె తెచ్చావురా?" అని అరిచింది.

డేల్ తుపాకీ కింద పెట్టి, తనూ పక్కనే చతికిలబడ్డాడు.

ఆ అరుపుకి వాల్టర్ తల తిప్పి చూశాడు. పొదల్లో డాక్టరు, వాగు పక్కన మీనా, అడవంతా పరుగులు తీస్తూ పిల్లలు. ఆయన మొహం పాలిపోయింది. ఇంకేం ఆలోచించలేదు. లేచి కుంటుకుంటూ ట్రక్కు దగ్గరికి వెళ్ళి, హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యకుండా మోగించాడు. వేట ఆపి అందరూ బయటికి రమ్మని దానికి అర్థం. ఆ మోతకి కొండ మీది జింకలు ఏ దిక్కు పడితే ఆ దిక్కుకి ఉడాయించాయి. ఊరంతా ఏడాదిపాటు ఎదురుచూసిన రోజు, వీళ్ళొచ్చిన అరగంటలో ముగిసింది.

"నన్ను క్షమించండి వాల్టర్. అంతా నావల్లే," అన్నాడు రాజగోపాల్.

"పిల్లలు తిరుగుతున్న అడవిలో తుపాకీ పేల్చేవాడు మనిషేనా? వదిలెయ్," అన్నాడు వాల్టర్. ఆ తర్వాత కాస్త మొహమాటపడుతూ, "భోజనం అన్నావు..." అన్నాడు.

చెట్ల చాటు నుంచి కాషాయాలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. పాతికమంది దాకా తేలారు. వసుమతి పులిహోర గిన్నె వంకా, వాళ్ళ వంకా, భర్త వంకా చూసింది.

"ఎంతమందిని పిలిచారండీ?"

"నేను పిలవలేదు వసూ. రమ్మన్నానంతే."

"రెండిటికీ తేడా ఏవిటి?"

"మనకి తెలుసు. వాళ్ళకి తెలీదు."

"మీ మర్యాద మండిపోనూ!" అంది వసుమతి. అంటూనే కొంగు బిగించింది. ఇంటికి వచ్చినవాళ్ళు అన్నం చాలక లేచారన్న మాట ఆవిడ వంశంలో లేదు. పెరుగన్నంలో పాలు పడ్డాయి, సాంబారులో నీళ్ళు పడ్డాయి, పిల్లల గారెలు సగానికి తెగాయి. భాస్కర్ భార్య లీల ఇండియా నుంచి తెచ్చి మూడేళ్ళుగా అపురూపంగా దాచుకున్న అడ్డాకు విస్తళ్ళు నోరు మూసుకుని బయటికి తీసింది. తనకేం తప్పిపోయిందో అప్పుడే తెలిసిన భాస్కర్ మాత్రం కారు తలుపులు బిగించుకుని లోపలే కూర్చుండిపోయాడు.

వాల్టర్ తుపాకులన్నీ ఖాళీ చేయించి, ట్రక్కుల్లో పెట్టించి తాళాలు వేయించాడు. భోజనం దగ్గర తుపాకీ ఉండకూడదన్నది వాళ్ళ నాన్న నియమమట. చుట్టుపక్కల కొండల్లో ఇంకా వేటాడేవాళ్ళున్నారని, తమ దగ్గరున్న నారింజ టోపీలూ చొక్కాలూ వనభోజనాలవాళ్ళకి పంచాడు. జానకీదేవిగారు టోపీని రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, మంకీ క్యాపు మీద పెట్టుకున్నారు.

పంక్తి సాగింది. డేల్ పులిహోర మూడుసార్లు అడిగాడు. క్లైడ్ ఆవకాయ ముక్కని ఊరగాయ అనుకోకుండా కూర అనుకుని మొత్తం నోట్లో వేసుకున్నాడు. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నా, "చాలా బాగుంది, మేడమ్," అని కుప్పకూలిపోకుండా తమాయించుకున్నాడు. వసుమతికి ఆయన మీద అప్పుడే గౌరవం కలిగింది.

సరిగ్గా పెరుగన్నం వేళకి మాటలన్నీ ఆగిపోయాయి. వాగు వైపు నుంచి ఒక మగజింక నడిచి వస్తోంది. చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములు. వాల్టర్‌కి మూడేళ్ళుగా కంటికి కనబడి చేతికి చిక్కనిది అదే. నింపాదిగా వచ్చి, రాలి మంచుకి మెత్తబడ్డ ఆపిల్స్ తినడం మొదలుపెట్టింది. వాల్టర్ చేతిలో పెరుగన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. చూపు ట్రక్కు వైపు వెళ్ళింది. మెల్లిగా ఒక మోకాలు ఎత్తాడు.

ఎదురుగా గరిటెతో జానకీదేవిగారు నిలబడి ఉన్నారు. "విస్తరి ముందు నుంచి మధ్యలో లేవకూడదు నాయనా," అని ఇంకో గరిటెడు వడ్డించారు.

"షీ సేస్, వడ్డించడం అయ్యేదాకా లేవకూడదట," అంది మీనా.

వాల్టర్ జింకని చూశాడు, గరిటెని చూశాడు, నుదుటి బొట్టు తడుముకున్నాడు, మోకాలు దించాడు. అది తినేసరికి ఆవిడ ఇంకో గరిటె వేశారు. "శివుడి చేతిలో ఉండేది ఈ లేడే కదూ," అంటూ అందరికీ తలా ఒక గరిటె వేసుకుంటూ పోయారు. జింక ఆపిల్స్ అన్నీ తిని, పచ్చడి జాడీ వాసన చూసి, గట్టిగా తుమ్మి, వెళ్ళిపోయింది.

రాజగోపాల్‌కి ఏడుపొక్కటే తక్కువ. వాల్టర్ వేళ్ళకంటిన పెరుగు తుడుచుకున్నాడు.

"యాభై ఏళ్ళ నుంచి కూచుంటున్నా ఈ చెట్టు కింద," అన్నాడు. "జింకని ఇంత దగ్గర్నుంచి, ఇంతసేపు ఎప్పుడూ చూళ్ళేదు. మా నాన్నే ఉంటే చెవి మెలేసేవాడు." తర్వాత ఆయనే నవ్వాడు. "సీజన్ ఇంకా ఉందిలే. రేపు రావచ్చా?"

"రేపేవిటి, ఎల్లుండేవిటి! ఇది మీ చోటే అనుకోం..." వసుమతి మోచేత్తో పొడిచింది. రాజగోపాల్ ఒక్క క్షణం ఆగి, ఈసారి నిజంగా ఆలోచించి అన్నాడు. "రండి వాల్టర్. నేను బతికుండగా ఆ చెట్టు మీదే. ఇది మర్యాదకంటున్న మాట కాదు."

అప్పుడు క్లైడ్ కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. ఆ కన్నీళ్ళు ఆవకాయవి.

"రాజ్, ఆ రోజు షాపులో నువ్వన్నది మాకు సబబే అనిపించింది. పన్ను మాతో సమానంగా కడతావు, నీ కొండ మీద నువ్వు వేటాడ్డానికి మాకంటే అంత ఎక్కువ కట్టడం అన్యాయం. చట్టం మార్చడం మా వల్ల కాదు. అందుకని మేమంతా తలా కొంచెం వేసుకున్నాం." జేబులోంచి ఒక లైసెన్సు తీశాడు. "సంతకం పెట్టి, తుపాకీ క్లాసుకి ఒకసారి వస్తే చాలు."

వాల్టర్ దాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, అక్కడి వేటగాళ్ళందరూ పెట్టుకున్నట్టే, రాజగోపాల్ వీపుకి పిన్నీసుతో తగిలించాడు. "ఇక నువ్వు మా ఊరివాడివి," అని భుజం తట్టాడు. పాతికమంది చప్పట్లు కొట్టారు. పదిహేడేళ్ళుగా వినాలనుకున్న మాట అది. రాజగోపాల్ చేతులెత్తి దణ్ణం పెట్టాడు, కళ్ళనిండా నీళ్ళు. అవి ఆవకాయవి కావు.

"ఏమిటిస్తున్నారు?" అన్నారు జానకీదేవిగారు.

"సన్మానం, అత్తయ్యగారూ."

తిరుగు ప్రయాణంలో కొండ దిగాక జానకీదేవిగారు అన్నారు. "మా నాన్నగారికి రెండు గొట్టాల తుపాకీ ఉండేది అల్లుడుగారూ. దసరాకి దానికి బొట్టు పెట్టే పని నాదే."

కారు కొంచెం పక్కకి వెళ్ళి మళ్ళీ దారిలోకి వచ్చింది. "మరి... యోగదండం అన్నారు?"

"మీరు భక్తులన్నారు. నలుగురిలో కాదంటే మీకు చిన్నతనం కదా."

"అయితే ఆ పెరుగన్నం..."

"తినేవాడు లేవడు, లేచినవాడు ఊరుకోడు. అందుకే గిన్నె అడుగంటేదాకా వడ్డించాను. ఆఖరికి ఉత్త మజ్జిగే పోశాను, పాపం, అదీ తాగాడు. మంచివాడు."

"రేపు మళ్ళీ వస్తారట అత్తయ్యగారూ," అన్నాడు రాజగోపాల్ భయం భయంగా.

"రేపు మంగళవారం," అన్నారు ఆవిడ శాలువా సర్దుకుంటూ. "దాంతో నాకు సంబంధం లేదు."

దారిలో కాఫీకని ఆగారు. ముందుగా దిగి నడుస్తున్న తండ్రి వీపు వంక మీనా పరీక్షగా చూసింది.

"డాడీ, మీరు ఇప్పుడు ఆ ఊరివాళ్ళు అయిపోయారు అన్నారు కదా. దీని మీద పెద్ద లెటర్స్‌లో 'నాన్-రెసిడెంట్' అని ఉంది. తీసెయ్యనా?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నాడు రాజగోపాల్. ఎడిసన్‌లో ఇంటికి చేరి, మర్నాడు ఆఫీసుకి వెళ్ళేటప్పుడు వసుమతి పీకేదాకా అది ఆయన కోటు వీపునే ఉంది.